గోమార్లు పట్టిన వల

మొన్న పొద్దున కాఫీ తాగుతూ, కాళ్ళ దగ్గర పడుకున్న కుక్క చెవి వెనక గోకుతుంటే వేలికి ఏదో తగిలింది. కళ్ళజోడు పెట్టుకోనక్కర్లేదు. ఆ తగలడం నాకు చిన్నప్పట్నించీ తెలుసు. నున్నగా, ఉబ్బి, ఆముదం గింజంత. కాఫీ అక్కడే వదిలేసి కోడల్ని కేకేశాను.

ఇప్పటి పిల్లలు టిక్స్ అంటున్నారు. పుస్తకాల్లో పిడుదులని రాస్తారు. మా వైపు గోమార్లంటాం. ఏ పేరు పెట్టినా నెత్తురు తాగే పురుగే అది. దాన్ని చూస్తే నాకు పామును చూసినంత భయం.

ఈ కుక్క మా ఆయనది. ఆయన పోయాక బాపట్లలో ఈ ఇంట్లో ఆయన గుర్తుగా నాకు మిగిలినవి రెండే, ఈ కుక్కా, ఆయన నవారు మంచమూ. కుక్కకి ఆయన ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ అది నా నోరు తిరగదు. "ఏయ్" అంటే వస్తుంది. పగలల్లా ఆ మంచం కింద పడుకుంటుంది. నాలుగు రోజుల్నించి పెరుగన్నం కూడా వాసన చూసి వదిలేస్తోంటే, ముసలిదైంది కదా, ఎండలకి అరగడం లేదేమో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కోడలు దాన్ని ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తం తీసి చూస్తే ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయట. గోమార్ల నుంచి వచ్చిన జ్వరమేనట. సూది వేసి, మాత్రలిచ్చి, మెడకి మందు పట్టీ కట్టి, ఇల్లు కూడా వెతకమని చెప్పి పంపించింది. కోడలు ఫోన్లో లైటు వేసుకుని మూలమూలా గాలించింది. చివరికి నవారు మంచం దగ్గర చతికిలబడింది.

"అత్తయ్యా, ఇక్కడున్నాయండి. నవారు మడతల్లో, పట్టెల సందుల్లో, పిల్లలతో సహా. ఈ మంచం తీసెయ్యాలి."

"తీసెయ్యడమేంటి? దులిపి ఎండలో వెయ్యి."

"ఎండకి పోవటండి. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

"ఆవిడకేం, చెబుతుంది! ఆయన పడుకున్న మంచం జోలికొస్తే ఊరుకునేది లేదు" అని గయ్యిమన్నాను.

కోడలు నెమ్మదస్తురాలు. "మీ ఇష్టం అత్తయ్యా. కుక్క తట్టుకుంటే మంచిదే" అని చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ మాట వినగానే నాకు తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే గయ్యిమన్నాడు, మంచం కోసం కాదు, వల కోసం.

నా చిన్నతనమంతా తెనాలిలో. నాన్న ఒక కొట్లో గుమాస్తా. బడికి వేసవి సెలవులివ్వగానే అమ్మ నన్ను సముద్రం ఒడ్డున ఉన్న అమ్మమ్మ ఊరికి తోలేసేది. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణించి బస్సు, బస్సు దిగాక ఇసకలో నడక. ఊరు కనపడకముందే ఎండు చేపల వాసన ఎదురొచ్చేది. తెనాలి పిల్లలు ముక్కు మూసుకునే ఆ వాసన తగిలితే నాకు ప్రాణం లేచొచ్చేది. అమ్మమ్మ ఒంటికీ, కోకకీ, ఆవిడ పెట్టే చద్దన్నానికీ కూడా అదే వాసన.

తాతయ్యా, మావయ్యా తెల్లారగట్ల పడవ మీద వేటకి పోయేవాళ్ళు. వాళ్ళు తెచ్చిన చేపలు తట్టకెత్తుకుని అమ్మమ్మ రేపల్లె వెళ్ళి ఇంటింటికీ అమ్మేది. మిగిలిన చిన్న చేపలు, నెత్తళ్ళు, ఇంటి ముందు ఇసకలో ఎండబోసేవాళ్ళు. కాకుల్ని తోలే పని నాదీ, కుక్కదీ. నిజం చెప్పాలంటే కుక్కదే. నేను ముంజెలు తింటూ చూరు నీడన కూర్చునేదాన్ని.

ఆ కుక్కకి పేరంటూ లేదు. అమ్మమ్మ "ఇదిగో" అని పిలిస్తే వచ్చేది. తాతయ్యనీ అమ్మమ్మ "ఇదిగో" అనే పిలిచేది. మొగుడి పేరు నోటితో అనే అలవాటు మా ఆడవాళ్ళలో లేదు మరి. పెరట్లోంచి ఆవిడ కేకేస్తే తాతయ్యా, కుక్కా ఇద్దరూ లేచేవాళ్ళు. "నిన్ను కాదయ్యా, దాన్ని" అనేది అమ్మమ్మ. తాతయ్య చుట్ట నోట్లో పెట్టుకుని మళ్ళీ కూర్చునేవాడు. పెళ్ళయ్యాక నేనూ మా ఆయన్ని "ఇదిగో" అనే పిలిచాను. ఎంత చదువుకుంటే ఏం, ఆ పిలుపు మాత్రం అమ్మమ్మ దగ్గర్నించి వచ్చేసింది.

వసారాలో ఒక మూల పాత వల కుప్పగా ఉండేది. నూలు వల. తాతయ్య వాళ్ళ నాన్న తన చేత్తో అల్లింది. అప్పటికే అందరివీ నైలాను వలలైపోయాయి. ఆ నూలు వల సముద్రం మొహం చూసి ఎన్నేళ్ళయిందో. అయినా ఏటా ఒకసారి తాతయ్య పెద్ద కాగులో తుమ్మ చెక్క మరగబెట్టి, ఎర్రటి కషాయంలో దాన్ని ముంచి, ఆరబెట్టి, మళ్ళీ మడతలు పెట్టి అదే మూలన పెట్టేవాడు. నూలు చివికిపోకుండా వెనకటి వాళ్ళు చేసే పని అది. వేటకి పోని వలకి కషాయమెందుకని మావయ్య ఒకసారి నవ్వితే తాతయ్య ఆ పూట అన్నం మానేశాడు.

ఎందుకో అమ్మమ్మ నాకు చెప్పింది. తాతయ్య వాళ్ళ నాన్న గాలివాన రోజు వేరేవాళ్ళ పడవ మీద పోయాడట. పడవా రాలేదు, మనిషీ రాలేదు. ఒడ్డుకి కొట్టుకొస్తాడని ఊరంతా రోజుల తరబడి చూశారట. దహనం చెయ్యడానికి శవమే దొరకలేదు. ఇంట్లో మిగిలింది ఆ వల. అందుకని పెద్దల అమావాస్యకి అన్నం, చేపల పులుసు విస్తట్లో వడ్డించి ఆ వల ముందే పెట్టేవాళ్ళు. అంత పెద్దరికమున్న వల మీద దర్జాగా పడుకునేది మాత్రం కుక్క. తాతయ్య దాన్ని ఏమీ అనేవాడు కాదు.

ఆ వేసవిలో నేను వెళ్ళేసరికే దాని ఒంటి నిండా గోమార్లున్నాయి. చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో. నేనూ, అమ్మమ్మా కూర్చుని ఏరేవాళ్ళం. కొబ్బరిచిప్పలో కిరసనాయిలు పోసి అందులో వేసేవాళ్ళం. మొదట్లో నాకదొక ఆట. పెద్దది దొరికితే "చూడు అమ్మమ్మా" అని మురిసిపోయేదాన్ని. ఒకటి రెండు పొయ్యిలో వేస్తే టప్పుమని పేలేవి. అమ్మమ్మ "నీ దుంప తెగ, కూడు వండే పొయ్యే అది" అని మొట్టేది. కానీ సాయంత్రం ఏరితే పొద్దుటికి మళ్ళీ అన్నీ ఉండేవి. ఎక్కణ్ణించి వస్తున్నాయో అంతుపట్టేది కాదు. నాకు ఆట పోయి భయం పట్టుకుంది.

"సముద్రంలో ముంచితే సరి. ఉప్పు నీటికి ఏ పురుగు నిలుస్తుంది?" అన్నాడు తాతయ్య. మా వాళ్ళకి సముద్రమే మందు. గజ్జికీ అదే, కాలు బెణికితే అదే. మావయ్య కుక్కని భుజానేసుకుని అలల్లోకి తీసుకెళ్ళి ఇసకతో రుద్ది తెచ్చాడు. గోమార్లు చెక్కుచెదరలేదు గానీ, కుక్క వణుక్కుంటూ వచ్చి వల మీద ముడుచుకుని పడుకుంది. మర్నాడు కాకులు వాలి నెత్తళ్ళు ఎత్తుకుపోతుంటే తలెత్తి చూసింది, అంతే. లేవలేదు. అమ్మమ్మ కర్ర పుచ్చుకుని కాకుల వెంట తానే పరిగెత్తింది.

ఆ తర్వాతి రోజు దాని ముక్కులోంచి నెత్తురు కారింది. వసారా అరుగు మీద చుక్కలు చుక్కలుగా పడింది. నేను కెవ్వున అరిచాను.

"వేడి చేసింది" అన్నాడు తాతయ్య చూసీ చూడగానే.

"వేడే" అంది పక్కింటి ముసలమ్మ.

అంతే. ముక్కు వెంట నెత్తురొస్తే వేడి, కళ్ళు మండితే వేడి, నోరు పూస్తే వేడి. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. దాని నడినెత్తిన ఆముదం పెట్టారు. పల్చటి మజ్జిగ తాగించారు. సబ్జా గింజలు నానబెట్టి పోశారు. అది మింగలేక నా వంక చూసేది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. చచ్చిపోతుందేమోనని నాకు దిగులు. అన్నం సయించేది కాదు. ఎండు రొయ్యలు, మామిడికాయ వేసి అమ్మమ్మ నాకిష్టమని వండిన కూర కూడా అలాగే ఉండిపోయేది.

రేపల్లెలో అమ్మమ్మ రోజూ చేపలిచ్చే ఇళ్ళలో ఒక టీచరమ్మ ఇల్లుంది. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి. ఆవిడకీ ఒక కుక్క ఉండేది. అమ్మమ్మ మొహం చూసి ఏంటని అడిగి, అంతా విని, "అది వేడి కాదమ్మా, గోమార్ల జ్వరం. మా దానికీ వచ్చింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకురా, ఆలస్యం చెయ్యకు" అందట.

"కుక్కకి ఆసుపత్రేంటి? నలుగురూ వింటే నవ్విపోతారు" అన్నాడు తాతయ్య.

"నవ్వితే పళ్ళే కదా కనపడేది" అంది అమ్మమ్మ.

కానీ బస్సులో కుక్కని ఎక్కించరు. అమ్మమ్మ ఆలోచించి పెద్ద చేపల తట్ట తీసింది. అడుగున గడ్డి పరిచి, కుక్కని వంకీలా పడుకోబెట్టి, పైన తడి గోనె కప్పింది. బస్సులో చేపల వాళ్ళకి వెనక చోటు ఎప్పుడూ ఉంటుంది, వాళ్ళ తట్టల్ని ఎవరూ అడగరు. నేను తట్ట మీద చెయ్యేసి కూర్చున్నాను. గోనె కింద అది ఊపిరి తీస్తోందా లేదా అని చేత్తో చూసుకుంటూనే ఉన్నాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా నా ప్రాణం పైకి లేచి కిందపడేది.

"ఏం చేప మామ్మా?" అన్నాడు కండక్టరు.

"పండుగప్ప బాబూ."

ముందు సీట్లో పంచె కట్టుకున్న పెద్దాయన చటుక్కున వెనక్కి తిరిగాడు. "పండుగప్పే? ఏదీ, గోనె తియ్యి చూద్దాం. నేను తీసుకుంటాను."

"అమ్మేది కాదండీ. డాక్టరు గారికి తీసుకెళ్తున్నా."

"డాక్టరు తింటే తింటాడు, మాకూ కాస్త..."

అప్పుడే తట్ట తుమ్మింది.

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి, "పండుగప్ప తుమ్మిందేంటి మామ్మా?" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గులేకుండా. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. ఊళ్ళో ఎవరితోనైనా ఇట్టే పోట్లాడే మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "ప్రాణం పోతోంది నాయనా. దింపెయ్యకు" అంది. కండక్టరు గోనె కొద్దిగా ఎత్తి చూశాడు. గోనె మీద నెత్తురు మరకలు చూసి గోనె మళ్ళీ కప్పేశాడు. "పండుగప్పే. రైట్ రైట్" అన్నాడు. ఆసుపత్రి సందు దగ్గర స్టాపు లేకపోయినా ఈల ఊది ఆపించాడు. చేప అడిగిన పెద్దాయనే తట్టకి ఒక చెయ్యి పట్టి కిందకి దింపాడు.

పశువుల డాక్టరు దాని పెదవి పైకెత్తాడు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఏం పెట్టారు?"

"మజ్జిగ, సబ్జా... నెత్తిన ఆముదం. వేడని..."

"వేడీ లేదు, చలీ లేదమ్మా. గోమార్లు కుట్టి జ్వరం పెట్టాయి. ఒంట్లో నెత్తురు తగ్గిపోయింది."

"బతుకుతుందా బాబూ?"

ఆయన సూది వేస్తూ, "మందు పట్టుకుంటే బతుకుతుంది" అన్నాడు. తర్వాత మా ఇద్దరి వంకా చూసి చెప్పాడు: "కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. దీని ఒంటి మీద ఉన్నవి కొన్నే. తాగినంత తాగి దిగిపోయి, ఇంట్లో ఏ సందులోనో గుడ్లు పెడతాయి. అవి మళ్ళీ ఎక్కుతాయి. ఆ చోటు పట్టుకోకపోతే నా మందు దండగే."

ఇంటికొచ్చాక అమ్మమ్మ కొంగు నడుముకి దోపింది. గోడల పగుళ్ళలో కిరసనాయిలు పోసి మట్టితో మెత్తాం. అరుగులు పేడతో అలికాం. గోనెలు, చాపలు ఉడుకు నీళ్ళలో ముంచి తీశాం. మావయ్య చూరు దులిపాడు. మిగిలింది వల.

"అది కూడా..." అన్నాడు మావయ్య.

తాతయ్య గయ్యిమన్నాడు. "కషాయం తాగిన వల్లో పురుగు బతకదురా! చేప పళ్ళకే తెగని నూలు. దాని జోలికెళ్ళారంటే మర్యాద దక్కదు."

వల ఆ మూలనే ఉండిపోయింది. తుమ్మ చెక్క కషాయం పెట్టిన నూలుకి పురుగు పట్టదన్నది మా ఊళ్ళో అందరి నమ్మకం. నేనూ నమ్మాను.

సూది పట్టుకుంది. కుక్క గంజి తాగింది, తోక కదిపింది, ఒక కాకిని చూసి గుర్రుమంది కూడా. అమ్మమ్మ మొక్కుకున్న దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టింది. వారం తిరక్కుండా దాని చెవిలో మళ్ళీ గోమార్లు. మళ్ళీ తల వాల్చేసింది. మళ్ళీ గంజి వద్దంది. ఈసారి అమ్మమ్మ కూడా నాకు ధైర్యం చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ మధ్యాహ్నం అది వల మీద పడుకుని ఉంటే నేను పక్కన కూర్చుని ఈగలు తోలుతున్నాను. వల నిండా ముడులే కదా. ఊరికే వాటి వంక చూస్తున్నాను. ముడుల్లో ఒక ముడి కదిలింది. కళ్ళు నులుముకుని చూశాను. దాని పక్కది కూడా కదిలింది.

అమ్మమ్మని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. ఆవిడ చూసి, గభాల్న నా నోరు మూసింది. "తాతకి చెప్పకు. ఆయన తట్టుకోలేడు" అంది. వలని చూస్తే మావగారు, కుక్కని చూస్తే బిడ్డలాంటిది. ఎటూ తేల్చుకోలేక అక్కడే కూలబడిపోయింది.

చెప్పనక్కర్లేకపోయింది. తాతయ్య చుట్ట కోసం వసారాలోకి వచ్చి, మా మొహాలు చూసి, వల చూశాడు. వంగి కుక్కని రెండు చేతులతో ఎత్తి నా ఒళ్ళో పెట్టాడు. వల పై మడత తీశాడు. కింద మడత తీశాడు. లోపల ఆముదం గింజలు పోసినట్టు ఉన్నాయి. తీసిన మడత చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. నేను కుక్కని గట్టిగా పట్టుకున్నాను, ఆయన వలనే ఉంచుకుంటాడేమోనని.

తర్వాత ఆయన ఆ మొత్తం కుప్పని గోనెలో చుట్టి భుజానెత్తుకుని అలల దాకా నడిచాడు. మావయ్య సాయం వస్తానంటే వద్దన్నాడు. ఇసకలో గుంట తీసి, వల అందులో వేసి, కిరసనాయిలు పోసి, తానే అగ్గిపుల్ల గీశాడు. పొద్దు వాలుతోంది. మంటల్లో టపటపా శబ్దాలు. కషాయం పీల్చిన నూలు నల్లటి పొగతో కాలింది. ఒక్క పురుగు కూడా తప్పించుకోకుండా కర్రతో మూలమూలా కదుపుతూ చివరిదాకా అక్కడే నిలబడ్డాడు. బూడిద చల్లారాక వల నీళ్ళలో మునగడానికి కట్టిన మట్టి గుండ్లు మాత్రం మిగిలాయి. వాటిని ఏరి పై పంచెలో కట్టి సముద్రంలో వదిలాడు. మూడు మునకలు వేసి, తడి పంచెతో ఇంటికొచ్చాడు.

అమ్మమ్మ గుమ్మం ముందు నీళ్ళ చెంబు పెట్టి, దీపం వెలిగించింది. తాతయ్య కాళ్ళు కడుక్కుని, దీపం చూసి లోపలికి వెళ్ళాడు. ఎవరైనా పోతే దహనం చేసి వచ్చిన ఇంట్లో అలా చేస్తారని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. శవం దొరకని తండ్రికి ఆ సాయంత్రం ఆయన ఆ పని ముగించాడు. అదీ ఒక కుక్క కోసం.

మళ్ళీ రేపల్లె వెళ్ళాం, మళ్ళీ తట్టలోనే. ఈసారి వేసిన సూది నిలబడింది. నేను తెనాలి వెళ్ళే రోజుకి అది కాకుల్ని తరుముతూ నీళ్ళదాకా పరిగెత్తుతోంది. ఆ ఏడు పెద్దల అమావాస్యకి విస్తరి ఎక్కడ పెట్టాలని అమ్మమ్మ తడబడితే, వల ఉండే మూలలోనే పెట్టమన్నాడట తాతయ్య. అక్కడ కుక్క పడుకుని ఉంది. "దాని ముందే పెట్టు" అన్నాడట. అమ్మ ఈ సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడా ఊళ్ళో ఇసకలో నెత్తళ్ళు ఎండబోసే ఇళ్ళు ఎన్ని మిగిలాయో నాకు తెలియదు. నూలు వల చూసినవాళ్ళు, తుమ్మ చెక్క కషాయం వాసన తెలిసినవాళ్ళు అసలు లేరేమో. ఆ మనుషులందరూ పోయారు. గోమార్లు మాత్రం పోలేదు.

నిన్న పొద్దున నేనే మంచం మీద దుప్పటి తీసి, నవారు ముడి విప్పడం మొదలుపెట్టాను. కోడలు పరిగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, మీరు లోపలికెళ్ళండి. నేను చేస్తాగా."

"వద్దమ్మా. ఇది నేను చెయ్యాల్సిన పని. నువ్వు పెరట్లో కిరసనాయిలు పెట్టు, చాలు."

నవారు మడతల్లో ఆయన తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన ఇంకా ఉంది. మడత మడతకీ పురుగులూ ఉన్నాయి. ఏడుస్తూనే విప్పాను. నవారు, పట్టెలు, మంచం కోళ్ళు పెరట్లో పేర్చి నేనే నిప్పంటించాను. కర్రతో కదుపుతూ చివరిదాకా ఉన్నాను. తర్వాత తలారా స్నానం చేశాను. గుమ్మంలో నీళ్ళ చెంబు కోడలే పెట్టింది. ఎవరు చెప్పారో ఆ పిల్లకి.

కుక్క ఇంకా నీరసంగానే ఉంది. రెండు రోజులాగి మళ్ళీ రక్తం చూస్తారట. భయం తగ్గలేదు నాకు. అది గదిలోకి వెళ్ళి, మంచం లేని చోట వాసన చూసి, నేల మీద నాలుగు కోళ్ళ గుర్తుల మధ్య పడుకుంది. గుమ్మంలో నిలబడి దాన్ని పిలవబోతే, ఆ ఇంగ్లీషు పేరు నోటికి రాలేదు, "ఏయ్" అనడానికి మనసొప్పలేదు.

"ఇదిగో" అన్నాను. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో. అది చెవులు నిక్కించి, మెల్లగా లేచి వచ్చింది.